ఎనిమిది మనసులో

"ఈ ఎనిమిది ఎవరిదండీ?"

నిచ్చెన కింద నుంచి వచ్చిన ప్రశ్న అది. పెయింటరు వెంటనే తిరగలేదు. తొమ్మిది తోకకి ఆఖరి వంపు తిప్పుతున్నాడు. ఆ వంపు దగ్గర ఊపిరి పీల్చకూడదని అతని నియమం. తోక పూర్తి చేసి, కుంచెని డబ్బా అంచుకి రాసి, తీరిగ్గా కిందికి చూశాడు. కింద ఒకామె. భుజాన సంచీ, చేతిలో హాజరు పుస్తకం, ముఖంలో సున్నా వేసే ముందు టీచర్లకి వచ్చే ఆ ప్రత్యేకమైన ప్రశాంతత.

"మీదేనండి," అన్నాడు వినయంగా. "చీటీలో జారిపోయింది. ఏడు తర్వాత ఏకంగా తొమ్మిది రాసేశారు. నేను చూసుకుని వేశాను. కంగారు పడకండి, ఎవరికీ చెప్పలేదు."

ఆమె ఆ బడికి లెక్కల టీచరు. వచ్చి ఏడాది కావస్తోంది. లెక్కల గది బయట, వరండా గోడ మీద ఒక పెద్ద సంఖ్యని నిలువెత్తు అంకెల్లో రాయించాలన్నది ఆమె ఆలోచనే. చీటీ మీద 12345679 అని రాసి హెడ్మిస్ట్రెస్ పెద్దమేడం చేత పంపించింది. ఇప్పుడు గోడ మీద 123456789 ఉంది, నీలిరంగులో నిగనిగలాడుతూ.

"పెయింటరు గారూ, నాకు ఒకటి నుంచి తొమ్మిది దాకా వచ్చండి."

"వచ్చనే నమ్ముతున్నానండి. అలసటలో ఒకటి జారిపోతుంది, అంతే."

అతను తప్పు చేశాడు, నిజమే. కానీ అది అతను గర్వపడే రకం తప్పు. కస్టమరు తప్పు రాసిచ్చినా బోర్డు మీద తప్పు ఉండకూడదన్నది అతని వృత్తిధర్మం. 'పళ్ళు పికబడును' అని రాసిచ్చిన పళ్ళ డాక్టరుకి ఒక దీర్ఘం దానం చేశాడు. 'వాచీలు బాగుచేయబడవు' అని రాసిచ్చిన గడియారాల మనిషికి ఆ చివరి మాట సరిచేసి అతని వ్యాపారం నిలబెట్టాడు. వాళ్ళెవరూ ఒక్క థ్యాంక్స్ కూడా చెప్పలేదు. ఈ టీచరుకి దీర్ఘాలూ ఒత్తులూ కాదు, ఏకంగా ఒక నిండు ఎనిమిదినే ఇచ్చాడు. ఈమె కూడా థ్యాంక్స్ చెప్పే మనిషిలా కనిపించలేదు.

తీసేయమంది ఆమె. అంత తేలిక కాదన్నాడు అతను. సుద్ద పూసిన దారం లాగి, గోడ కొలిచి, సంఖ్యని సరిగ్గా మధ్యకి వచ్చేలా సర్దాడు. ఒక్కటి తీస్తే మిగతావన్నీ జరగాలి.

"ఎనిమిది తీసేస్తే మిగిలేవి ఎన్నో తెలుసాండీ? ఎనిమిది. మీ సంఖ్యలో ఎనిమిది లేదంటారు, లెక్కపెడితే ఎనిమిదే ఉన్నాయి."

టీచరు పెదవి కొంచెం కదిలింది. నవ్వు అనుకోవడానికి అది సరిపోదు. హాజరు పుస్తకం కిటికీలో పెట్టి, సంచీలోంచి సుద్దముక్క తీసి, కిందికి దిగమంది. నేల మీద ఆ సంఖ్యని తన పద్ధతిలో రాసి, పక్కన తొమ్మిది వేసి, గుణించమంది.

అతనికి పదో తరగతి లెక్కలతో పాత గొడవ ఉంది. మూడుసార్లు కలబడ్డాడు, మూడుసార్లూ అవే గెలిచాయి. అయినా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తొమ్మిది తొమ్మిదులు?"

"ఎనభై ఒకటి."

"ఒకటి వెయ్యండి. ఎనిమిది మనసులో పెట్టుకోండి."

ఒకటో తరగతి పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. అతనూ ఒకటో తరగతి పిల్లాడిలాగే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె చూడనట్టు నటించింది. ఏడు తొమ్మిదులు అరవై మూడు, మనసులో ఎనిమిది కలిపితే డెబ్బై ఒకటి. మళ్ళీ ఒకటి వేసి, ఏడు మనసులో. ఆరు దగ్గర మళ్ళీ ఒకటి. ఐదు దగ్గరా ఒకటే. చివరికి నేల మీద తొమ్మిది ఒకట్లు వరుసగా నిలబడ్డాయి.

111111111.

అక్షరాల సొగసు తెలిసిన మనిషి కదా, ఆ వరుస చూసి అతని మనసు జల్లుమంది. ఒకే కొలత, ఒకే ఎడం, ఎవరూ దారం లాగకుండానే.

"ఇప్పుడు మీరు దానం చేసిన ఎనిమిదితో చెయ్యండి."

చేశాడు. 1111111101 వచ్చింది. చక్కని పలువరుసలో ఒక్క పన్ను ఊడినట్టు.

"ఆ సున్నా మీదేనండి," అని చెప్పి, పుస్తకం తీసుకుని, గంట కొట్టడంతో క్లాసుకి వెళ్ళిపోయింది.

సాయంత్రం కొట్లో అక్కకి జరిగిందంతా చెప్పాడు. వాళ్ళిద్దరిదే ఆ కొట్టు. అక్క రంగులు కలుపుతుంది, తమ్ముడు పూస్తాడు. అక్క మూడు గరిటెల తెలుపులో ఒక గరిటె నీలం తిప్పుతూ అంతా విన్నది. ఊరందరి తప్పులూ దిద్దేవాడికి దిద్దేవాళ్ళు దొరికారని తనకి ఎంతో తృప్తిగా ఉందంది. ఆ తర్వాత, "ఆ అమ్మాయి బాగుంటుందిరా?" అని అడిగింది. సంఖ్య గురించి మాట్లాడుతుంటే ఈ ప్రశ్న ఏమిటని తమ్ముడు విసుక్కున్నాడు. విసుక్కోవడానికి అవసరమైనదానికంటే ఎక్కువ సేపు విసుక్కున్నాడు.

మర్నాటి నుంచి గోడకి తెల్లరంగు, మళ్ళీ కొలతలు, మళ్ళీ దారం. శుక్రవారం బడి కమిటీ వస్తుంది. లెక్కల టీచరుని ఉంచాలా పంపాలా అన్నది ఆ రోజే తేలుస్తారు. ఈ సంగతి అతనికి పెద్దమేడం చెప్పింది, గోడ పని త్వరగా తెమల్చమని హెచ్చరిస్తూ. పంపేస్తే టీచరు రెండు బస్సులు మారి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళిపోతుంది. నాన్న అక్కడి బడిలో ఉద్యోగం చూసిపెట్టి మరీ పిలుస్తున్నాడట. ఇదంతా విన్నాక పెయింటరు ఆ రోజు అయిదుని రెండుసార్లు దిద్దాడు. తప్పు కొత్త కుంచెదనుకున్నాడు. కుంచె పాతదే.

బుధవారం మధ్యాహ్నం వాన వచ్చింది. మామూలు వాన కాదు, ఏటవాలుగా వరండాలోకి పడే వాన. రంగు ఇంకా పచ్చిగా ఉంది. టీచరు క్లాసులోంచి పరుగున వచ్చి గొడుగు విప్పింది. అతను తడుస్తున్నాడు, ఆమె తడుస్తోంది. గొడుగు మాత్రం అయిదు మీద పట్టింది.

"నేనూ తడుస్తున్నానండీ," అన్నాడు.

"మీరు ఆరిపోతారు. అది కారిపోతుంది."

పావుగంట అలా నిలబడ్డారు. అయిదు మీద అతనికి జీవితంలో మొదటిసారి అసూయ కలిగింది. ఆ పావుగంటలోనే ఆమె ఆ సంఖ్య సంగతులు ఇంకొన్ని చెప్పింది. అంకెలన్నీ కూడితే ముప్పై ఏడు వస్తుంది. అదే ముప్పై ఏడుతో ఆ సంఖ్యని భాగిస్తే శేషం లేకుండా పోతుంది. తనలో ఉన్నదాంతో తనే తెగే సంఖ్యలు అరుదట. చిన్నప్పుడు వాళ్ళ నాన్న గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో బల్ల మీద దీన్ని రాసి గుణకారం నేర్పాడట. దర్జీ ఆయన. ఎనిమిది పెట్టడం మర్చిపోయావని తను నాన్నని వెక్కిరించిందట. అంటే సరిగ్గా ఈ పెయింటరు చేసిన తప్పే, అయిదేళ్ళ వయసులో.

"నాకు ఇరవై ఆరండి," అన్నాడు అతను.

"తెలుస్తూనే ఉంది."

వెళ్ళబోతూ ఆగి, గొడుగు మూస్తూ, అతని వైపు చూడకుండా ఇంకోమాట చెప్పింది. అతని తప్పు సంఖ్యని నిన్న ఇంట్లో కూర్చుని చూసిందట. దాన్ని ఎనిమిదితో గుణించి తొమ్మిది కలిపితే 987654321 వస్తుందట. సరిగ్గా తలకిందులై.

"అంటే నా తప్పు కూడా మంచిదేనాండీ?"

"మంచిదనలేదు. తలకిందులు చేస్తుందన్నాను."

ఆ మాట పట్టుకుని పెయింటరు గురువారమంతా నిచ్చెన మీదే బతికాడు. తన తప్పుని ఇంటికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, దానికేదైనా మంచిగుణం ఉందేమోనని వెతికిన మనిషి అతనికి ఇంతవరకూ తగల్లేదు. పళ్ళ డాక్టరు తన దీర్ఘాన్ని ఏనాడైనా ఇంటికి తీసుకెళ్ళాడా?

శుక్రవారం కమిటీ వచ్చింది. కమిటీ అంటే ముగ్గురు. వారిలో ఇద్దరు తల ఊపడానికి, మూడో ఆయన మాట్లాడటానికి. ఆ మాట్లాడే ఆయన సిమెంటు వ్యాపారి, కమిటీకి అధ్యక్షుడు. గోడని చూస్తే సిమెంటు పాలు ఎంతో చెప్పగల మనిషి. పెయింటరు పక్కనే నిచ్చెన మీద అంచుగీత దిద్దుతున్నాడు. నిజానికి ఆ గీత పొద్దున్నే పూర్తయింది.

అధ్యక్షుడు గోడ ముందు ఆగాడు. అంకెల మీద చూపుడువేలు నడిపించాడు. ఏడు దగ్గర వేలు ఆగింది.

"ఎనిమిదేదమ్మా? లెక్కల టీచరే అంకె మర్చిపోతే పిల్లలు ఏమైపోవాలి?"

టీచరు నోరు తెరిచింది. మాట రాలేదు. పెయింటరు ఆశ్చర్యపోయాడు. తనని నాలుగు రోజులుగా ఉతికి ఆరేసిన గొంతు ఇదేనా అనుకున్నాడు. ఆమె చేతివేళ్ళు పమిట అంచుని చుడుతున్నాయి, విప్పుతున్నాయి. అప్పుడు అర్థమైంది అతనికి. ఈమెకి పెద్దవాళ్ళంటే భయం. ఆ వెటకారమంతా తన దగ్గరే. ఆ తేడా అతనికి చాలా నచ్చింది, కానీ సంతోషించడానికి అది సమయం కాదు. పెద్దమేడం ముఖం వాడిపోతోంది. తల ఊపేవాళ్ళు అప్పుడే అడ్డంగా ఊపడం మొదలెట్టారు.

"అయ్యా," అన్నాడు నిచ్చెన మీద నుంచి. "నేనూ ఇదే అన్నానండి మంగళవారం. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి గుణకారం చేయించారు. మీకైతే కుర్చీ వేస్తారేమో, ముందే అడిగి ఉంచుకోండి."

వరండాలో ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. టీచరు తలెత్తి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం ఉంది, ఆ కోపంతో పాటు గొంతు తిరిగొచ్చింది. అధ్యక్షుడి చేతికి సుద్దముక్క ఇచ్చి, దయచేసి తొమ్మిదితో గుణించమంది. ఆయన పరువు కోసం గుణించక తప్పలేదు. నల్లబల్ల తెప్పించారు. ఎనభై ఒకటిలో ఒకటి వేశాడు. ఏడు తొమ్మిదులు అరవై మూడు అని ధీమాగా మూడు వేశాడు.

"అయ్యా, మనసులో ఎనిమిది ఉంది కదండీ," అంది టీచరు మెల్లిగా. "అది కలపలేదు."

ఆయన తుడిచి, కలిపాడు. ఆ తర్వాత ఒకట్లు వస్తుంటే ఆయన ముఖం పదేళ్ళ పిల్లాడి ముఖంలా మారిపోయింది. తొమ్మిదో ఒకటి వేసి వెనక్కి జరిగి చూసుకున్నాడు, తనే కనిపెట్టినట్టు. ఈ టీచరు ఉండాలని అక్కడే చెప్పేశాడు. ఇద్దరూ తల నిలువుగా ఊపారు.

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ టీచరు, ఆదివారం నాన్న వస్తున్నారని, ఆయనతో మాట్లాడి సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్తానని, వెళ్ళేదైతే ఆ రోజు బస్సుకే ఆయనతో వెళ్తానని పెద్దమేడంతో అంది. నిచ్చెన మీద మనిషి గుండె ఒక మెట్టు జారింది. ఉండమన్నా ఆలోచిస్తానంటే వెళ్ళాలని ఉందన్నమాట.

అందరూ వెళ్ళాక ఆమె నిచ్చెన దగ్గరకి వచ్చి నిలబడింది. ఏదో వినడానికి వచ్చినట్టు నిలబడింది. అతని దగ్గర చెప్పడానికి నాలుగు రోజుల సరుకు ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"రంగు ఇంకా పూర్తిగా ఆరలేదండి. ముట్టుకోకండి."

ఇంతటి మాట కోసం అతను రెండు నిమిషాలు ఆలోచించాడు.

టీచరు ఒక్క క్షణం చూసి, పుస్తకంలోంచి కాగితం చింపి, ఏదో రాసి నిచ్చెన మెట్టు మీద పెట్టింది. "హోంవర్కు," అంది. "చేత్తో చెయ్యండి. ఫోన్ ముట్టుకుంటే నాకు తెలిసిపోతుంది." కాగితం మీద ఇంతే ఉంది: 12345679 × 72.

శనివారం కొట్టు నేల మీద చేశాడు. రెండుతో ఒక వరుస, ఏడుతో ఒక వరుస, కింద కూడిక. ఎనిమిదులు రావడం మొదలయ్యేసరికి మోకాళ్ళ మీద ఇంకా ముందుకి వంగాడు. తను ఒక్క ఎనిమిదిని గోడకి ఇస్తే ఆమె ఇన్ని తిరిగిస్తోంది. కానీ పూర్తయ్యాక చూస్తే, 888888288.

ఎనిమిది ఎనిమిదులు, మధ్యలో దొంగలా ఒక రెండు.

ఆ రెండు ఏమిటి? రోజంతా అదే ఆలోచన. రెండు అంటే రెండు బస్సులు మారి వెళ్ళిపోతానని చెప్పడమా? మన దారులు రెండూ వేరనా? లేక రెండోవాడెవడో ఉన్నాడనా? అదే నిజమై ఉంటుంది. బాగా చదువుకున్నవాడు, పదో తరగతి ఒక్కసారే రాసినవాడు. ఎంత నాజూకుగా చెప్పింది, అంకెల్లో. ఆ సాయంత్రం ఒక బేకరీ బోర్డు రాస్తూ 'తాజా' అన్న మాటకి రెండు దీర్ఘాలూ మింగేశాడు. అతని వృత్తిజీవితంలో గర్వపడలేని తప్పు అదే మొదటిది.

ఆదివారం మధ్యాహ్నం అక్క నేల తుడవబోయి ఆగింది. సుద్దలెక్కని నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది. రంగుల పాళ్ళలో గరిటె తేడా రాకుండా పదేళ్ళు గడిపిన మనిషి.

"ఏడేళ్ళు నలభై తొమ్మిది. అంతకుముందు అరవై మూడులో మూడు వేసి ఆరు మనసులో పెట్టుకున్నావు కదా. ఆ ఆరు ఏదిరా?"

"ఏ ఆరు?"

"నలభై తొమ్మిదికి ఆరు కలిపితే యాభై అయిదు. నువ్వు ఉత్త తొమ్మిది వేసి ఊరుకున్నావు. మనసులో పెట్టుకున్నది కలపకపోతే లెక్క ఎలా తేలుతుందిరా?"

పెయింటరు అక్కని చూశాడు. అక్క చీపురు పట్టుకుని తమ్ముణ్ణి చూసింది. తను ఇప్పుడు లెక్క గురించి మాట్లాడటం లేదని ఆ చూపులో ఉంది.

తుడిచి మళ్ళీ చేశాడు. ఈసారి ఒక్క రెండూ లేదు. తొమ్మిది ఎనిమిదులు, చేతులు పట్టుకుని నిలబడ్డట్టు.

"బస్సు ఎన్నింటికి?" అంది అక్క.

అతను అప్పటికే వీధిలో ఉన్నాడు.

టీచరు అద్దెకి ఉండే గది మేడ మీద. మెట్లెక్కి తలుపు కొట్టాక గుర్తొచ్చింది, ఏం చెప్పాలో అనుకోలేదని. తలుపు తీసింది ఆమె కాదు. మెడలో కొలత టేపు వేలాడుతున్న ఒక పెద్దాయన. ప్రయాణంలో కూడా అది తీయలేదంటే దర్జీ నాన్నే. ఆయన వెనక మంచం మీద పెట్టె తెరిచి ఉంది. పక్కన బట్టల కుప్ప. సర్దబోతోందో అప్పుడే తీసేసిందో తెలియడం లేదు.

"ఎవరు బాబూ?"

పేరు చెప్పాలి, పని చెప్పాలి, ఎందుకొచ్చాడో చెప్పాలి. నోట్లోంచి ఒక్కటే వచ్చింది.

"ఎనిమిదండి."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని తేరిపార చూశాడు.

"ఓహో. ఆ ఎనిమిది నువ్వేనా." ఆ తర్వాత లోపలికి తిరిగి, "అమ్మాయ్, పొద్దున్నుంచి పెట్టె సర్దుతున్నావు, తీస్తున్నావు. ఏదో ఒకటి తేల్చు. నీ హోంవర్కు వచ్చింది," అన్నాడు.

టీచరు వచ్చి గడప దగ్గర నిలబడింది. అతని ముఖం చూడలేదు. మోకాళ్ళు చూసింది. రెండు మోకాళ్ళ మీదా సుద్ద ఉంది.

"ఫోన్ ముట్టుకోలేదు నాన్నా, చేత్తోనే చేశారు," అంది తండ్రితో. ఆ తర్వాత అతన్ని అడిగింది. "ఎంత వచ్చిందండీ?"

"అన్నీ ఎనిమిదులేనండి. తొమ్మిది."

"శుక్రవారం ఇచ్చిన లెక్క. ఆదివారం మూడున్నరకి తెచ్చారు. మా ఏడో తరగతి పిల్లలు నయం."

"నిన్నే చేశానండి. మధ్యలో రెండు వచ్చింది. మనసులో పెట్టుకున్నది కలపడం మర్చిపోయాను."

ఆమె తల ఎత్తింది. ఈసారి పెదవి కదలడం కాదు, అది నవ్వే. కొలత టేపు ఉన్నా కొలవక్కర్లేనంత.

"అయితే ఇప్పుడు కలపండి."

అతను ఊపిరి బిగబట్టాడు, తొమ్మిది తోక దగ్గర బిగబట్టినట్టే.

"మీరు వెళ్ళొద్దండి. గోడ కోసం కాదు. నా కోసం ఉండండి. నా తప్పుల్ని ఇంటికి తీసుకెళ్ళి చూసే మనిషి నాకు ఇంకొకరు దొరకరు."

కింద వీధిలో బస్సు హారను కొట్టింది. మళ్ళీ కొట్టింది. టీచరు వెనక్కి వెళ్ళి పెట్టె మూత వేసింది. మూసింది ఖాళీ పెట్టె. బట్టలన్నీ మంచం మీదే ఉన్నాయి.

నాన్న ఆ పెట్టెని చూశాడు, కూతుర్ని చూశాడు. చివరికి పెయింటరు భుజం దగ్గర ఆయన చూపు ఆగింది. రెండు వేళ్ళతో చొక్కా కుట్టు పట్టి లాగి చూశాడు.

"ఇంత వదులు కుట్టు ఎవడు వేశాడయ్యా? లోపలికి రా, సూదీ దారం తెచ్చాను. మా అమ్మాయి పక్కన ఇలా తిరిగితే నా పరువేం కావాలి?"